కథలో కథగా హత్యా రహస్యం రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

నువ్వు పంపిన కథాప్రణాళికను రెండుసార్లు చదివాను. 1955 నాటి ఇంగ్లండు పల్లెలో జరిగిన హత్య గురించిన నవల, ఆ రాతప్రతిని నేటి లండన్‌లో దిద్దుతున్న ప్రూఫ్‌రీడర్‌కు ఎదురైన మరో హత్య, రెండూ ఆసక్తికరంగానే ఉన్నాయి. అయితే లోపలి నవలను తీసేసినా బయటి కథ ఏ ఆటంకమూ లేకుండా సాగిపోతోంది. నా బెంగంతా దాని గురించే. బ్రిటిష్ రచయిత ఆంథొనీ హోరోవిట్జ్ 2016లో ప్రచురించిన 'మాగ్‌పై మర్డర్స్' నవలలో సంపాదకురాలి చేతికి వచ్చిన రాతప్రతికి ముగింపు ఉండదు. దానికోసం వెతుకుతూ బయలుదేరినందువల్లే ఆమె ఆ రాతప్రతి రాసిన రచయిత మరణం వెనుక ఉన్న నిజం వైపు నడుస్తుంది. నీ ప్రూఫ్‌రీడర్‌కు కూడా ఆ రాతప్రతిలో మాత్రమే దొరికే ఆధారం ఒకటి ఉండి తీరాలి.

కాలభేదాన్ని దుస్తులతోనూ కార్లతోనూ సరిపెట్టవద్దు. 1955లో అక్కడ హత్యానేరం రుజువైతే న్యాయమూర్తి ఉరిశిక్ష విధించక తప్పేది కాదు, ఆ తరువాత క్షమాభిక్ష హోంమంత్రి చేతిలో ఉండేది. కాబట్టి నీ పాత డిటెక్టివ్ హంతకుడి పేరు చెప్పడమంటే ఒక మనిషిని ఉరికంబం దాకా పంపడమే. ఆ బరువు అతని మాటల్లో వినిపించాలి. పైగా అతనికి వేలిముద్రలు ఉన్నాయి గాని డీఎన్ఏ పరీక్ష లేదు.

భాష విషయంలో మన తెలుగు నీకు గొప్ప అవకాశం ఇస్తోంది. లోపలి నవలను ఆనాటి అనువాద నవలల శిష్టభాషలోనూ, బయటి కథను ఇవాళ్టి వాడుక భాషలోనూ రాస్తే, పుట తిప్పగానే ఎక్కడున్నామో పాఠకుడికి తెలుస్తుంది. ఆ శిష్టభాష మధ్య హఠాత్తుగా ఒక నేటి పలుకుబడి దొర్లితే అదే ఆధారం కావచ్చు.

డిటెక్టివ్ కంటబడిన ప్రతి ఆధారమూ వెంటనే పాఠకుడికి చూపాలని, మతాచార్యుడూ డిటెక్టివ్ రచయితా అయిన రోనాల్డ్ నాక్స్ 1929లో చెప్పిన 10 నియమాల్లో ఒకటి అంటుంది. నీ పుస్తకంలో డిటెక్టివ్‌లు ఇద్దరు గనుక ఆ నియమాన్ని రెండుసార్లు పాటించాలి.

ముందుగా లోపలి నవలను, హంతకుడు దొరికేదాకా, ఒక్క అధ్యాయమూ వదలకుండా రాసి నాకు పంపు. బయటి కథను అప్పటిదాకా ముట్టుకోకు.

ఇట్లు,
మీ మామయ్య