అద్దెకివ్వడానికి ఇల్లు కొంటానంటున్న అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

మన విశాఖలో ఋషికొండ వైపు సముద్రం కనిపించే ఫ్లాట్ ఒకటి చూశావట. అద్దెకిచ్చేసి ఆ అద్దెతోనే ఈఎంఐ కట్టుకుంటానన్నావట. మీ అమ్మ చెప్పింది. ఈ వయసులోనే ఇల్లు కొనాలన్న బుద్ధి పుట్టినందుకు సంతోషమే గానీ, ఆ లెక్క మాత్రం కుదరదమ్మా. ఫోన్‌లో చెబితే "ఊఁ పెద్దమ్మా, ఊఁ" అంటూ ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

కాగితం మీద పెట్టి చూడు. ఫ్లాటు 55 లక్షలనుకో. బ్యాంకు 80 శాతం ఇస్తుంది, అంటే 44 లక్షలు. మిగతా 11 లక్షలు నువ్వు పెట్టాలి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అదో నాలుగు లక్షల పైచిలుకు. దానికి బ్యాంకు అప్పివ్వదు. కబోర్డులు, ఫ్యాన్లు, గీజరు, కిటికీలకు దోమల మెష్‌లు వేసుకునేసరికి చేతిలోంచి పదిహేడు లక్షలు దాటిపోతాయి. ఆ 44 లక్షలకి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళు పెట్టుకుంటే నెలకి 38 వేల చిల్లర కట్టాలి. అద్దె పదిహేను వేలు వచ్చిందనుకున్నా ప్రతి నెలా 23 వేలు నీ జీతంలోంచే పోతాయి. పైగా సముద్రం కనిపిస్తుందని బిల్డరు నీ దగ్గర లక్షలు ఎక్కువ తీసుకుంటాడు. అద్దెకొచ్చేవాడు ఆ సముద్రానికి వెయ్యో రెండు వేలో ఎక్కువిస్తే గొప్ప.

అదే 35 లక్షల్లో ఊరి మధ్యన పదీ పదిహేనేళ్ళ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు తీసుకుని, 28 లక్షలే అప్పు చేస్తే ఈఎంఐ 24 వేల చిల్లర. అద్దె పన్నెండు వేలొస్తే సగం దానికదే తీరుతుంది. మొదటి ఇంటికి నేనైతే ఇదే చెబుతాను. చూడ్డానికి బాగుండదు, నిజమే. అందులో నువ్వు ఉండబోవడం లేదు కదా!

అసలు నీతో చెప్పాలనుకున్నది ఇదే. ఇల్లు చూసే ముందు అందులో ఉండబోయే మనుషుల్ని చూడు. మన ఊళ్ళో అద్దెకుండేవాళ్ళు పేటకో రకం. గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్టీల్ ప్లాంటు వాళ్ళు, దువ్వాడ సెజ్‌కి, పరవాడ ఫార్మా సిటీకి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి కావాల్సింది పొద్దున్నే కంపెనీ బస్సు ఆగే చోటికి నడిచి వెళ్ళగలిగే ఇల్లు. ఆరిలోవలో హెల్త్ సిటీ ఆసుపత్రుల నర్సులూ ల్యాబ్ పిల్లలూ ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు. మద్దిలపాలెం, ఎం.వి.పి. కాలనీల్లో యూనివర్సిటీ వాళ్ళు, కాలేజీ పిల్లలున్న కుటుంబాలు. మధురవాడ, పి.ఎం.పాలెంలో కొండ మీది ఐటీ ఆఫీసుల వాళ్ళూ ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళూ. ఎన్.ఎ.డి., మర్రిపాలెం వైపు నేవీ కుటుంబాలు వస్తాయి. రెండు మూడేళ్ళకి బదిలీ అవుతారు గానీ ఉన్నన్నాళ్ళూ ఒకటో తారీఖుకల్లా అద్దె పడిపోతుంది. వీళ్ళలో ఎవరికి ఇవ్వాలనుకుంటున్నావో తేల్చుకుంటే ఏ వీధి, ఎన్ని గదులు, ఎంత ధర అన్నవి వాటంతటవే తేలతాయి.

వార్తలు చూసి కొనకు. 2019 డిసెంబరులో విశాఖకి రాజధాని అన్న మాట రాగానే ఇక్కడి ధరలు ఎలా ఎగిరాయో నీకూ తెలుసు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆనందపురం దాటాక కూడా ప్లాట్లు అమ్మారు. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక బ్రోకర్లకి పట్టపగ్గాల్లేవు. ఇవి వస్తే మంచిదే, నేనేం కాదనను. కానీ ప్రకటన రాగానే పెరిగేది ధర. అద్దె పెరగాలంటే మనిషి సామాను దించుకుని దిగాలి. డేటా సెంటర్ అంటే నిండా యంత్రాలు, కట్టేటప్పుడు ఉన్నంత మంది నడిపేటప్పుడు ఉండరు.

ఫ్లాటు చూడ్డానికి బ్రోకరుతో ఒకసారి వెళ్ళు, బ్రోకరు లేకుండా ఇంకోసారి వెళ్ళు. రెండోసారి సాయంత్రం ఆరు దాటాక వెళ్ళి ముందు వాచ్‌మన్ ఇంటావిడతో మాట్లాడు. ఏడాదిలో ఎన్ని ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి, ఎందుకు వెళ్ళారు, వేసవిలో నీళ్ళ ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తారు, మెయింటెనెన్స్ ఎవరు ఎగ్గొడుతున్నారు, అన్నీ ఆవిడకి తెలుసు. లోపలికెళ్ళాక బాల్కనీ గ్రిల్ అడుగు భాగాన్ని గోరుతో గీకి చూడు. పెయింటు పెచ్చులుగా లేచి వెనక ఎర్రటి పొడి రాలితే అది ఉప్పుగాలి తిన్న ఇనుము. అలాంటి చోట స్లాబు చజ్జాల కింద కూడా చూడు, లోపలి చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే సిమెంటు పొడుగ్గా పగులుతుంది. పైన పెయింటు వేస్తే అది కనపడదు, అమ్మేముందు వేసేదే అందుకు. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి పది నిమిషాలు వదిలెయ్యి. ఈలోగా కింది ఫ్లాటు వాళ్ళని అడిగి వాళ్ళ బాత్రూమ్ కప్పు చూడు. చెమ్మ మరకలుంటే ఆ రిపేరు రేపు నీ ఖాతాలోకే వస్తుంది. హుద్‌హుద్ తుఫానులో ఈ బిల్డింగుకి ఏమైందని కూడా అడుగు. 2014 కంటే ముందు కట్టినవైతే ఎవరో ఒకరికి గుర్తుంటుంది.

ఇక కాగితాలు. ఇందులో మాత్రం మొహమాటం పనికిరాదు. ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపించే ఈసీ ముప్పై ఏళ్ళకి తీయించు. ఇదివరకు చేతులు మారినప్పటి లింకు డాక్యుమెంట్లు ఒక్కటి కూడా తప్పకుండా ఉండాలి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడు. అది ఉంటే రిజిస్ట్రేషనే కాదు. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం అంటే సింహాచలం దేవస్థానం పంచగ్రామాలు. భూమి దేవస్థానానిదా, ఉంటున్నవాళ్ళదా అని ఏళ్ళ తరబడి నలుగుతున్న వ్యవహారం అది. అక్కడ ఎంత చవకగా వస్తోందన్నా మొదటిసారి కొనేవాళ్ళు తల దూర్చకూడదు. మధురవాడ, భీమిలి, ఆనందపురం వైపు డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకిచ్చినవి, మాజీ సైనికులకిచ్చిన భూములు ఉంటాయి. విశాఖ భూముల రికార్డుల గోల్‌మాల్ మీద 2017లో ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేసిందంటే ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించు. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి కాగితాలు బాగున్నట్టే అని బ్రోకరు అంటాడు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం. నీ లాయరుకి నువ్వు వేరే ఫీజు ఇచ్చుకో.

పాత ఫ్లాటైతే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ప్లాను ప్రకారం ఎన్ని అంతస్తులకి అనుమతి ఉందో, నువ్వు కొనేది అందులోదేనో చూడాలి. పెంట్‌హౌస్ అని చవకగా అంటగట్టేవి చాలావరకు ప్లానులో లేనివే. ప్లాను ప్రకారం కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడుగు. బిల్డింగు కింది ఉమ్మడి నేలలో నీ వాటాకి వచ్చే అవిభాజ్య స్థలం ఎన్ని గజాలో డాక్యుమెంటులో అంకె రాసి ఉండాలి. బిల్డింగు ముసలిదయ్యాక విలువంతా ఆ గజాలదే. కారు పార్కింగు కూడా రాతలో ఉండాలి. "మీదేనండీ, ఎవరూ పెట్టరు" అన్న మాటకి విలువ లేదు. కొత్త ప్రాజెక్టైతే స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) దగ్గర నమోదైన నంబరు చూడు. ధర 50 లక్షలు, ఆ పైన అయితే అమ్మేవాడికిచ్చే డబ్బులో ఒక శాతం పన్ను (టీడీఎస్) నువ్వే కోసి కట్టాలి. అమ్మేవాడు అమెరికాలో ఉంటే ఆ కోత చాలా ఎక్కువ, ఆడిటర్ని అడక్కుండా ఒక్క రూపాయి పంపకు.

అద్దెకిచ్చేటప్పుడు మన ఊరి ఓనర్లకి ఒక జబ్బుంది. "ఏవిట్లు, ఏ కులం? వెజ్జేనా? బ్యాచిలర్సా?" అని మొదలుపెడతారు. సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో చేప వండనివాళ్ళే కావాలంటే టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. నువ్వు అడగాల్సింది ఉద్యోగం ఎక్కడ, ఇదివరకటి ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు అని. పాత ఓనరు ఫోన్ నంబరు కూడా తీసుకో. ఆధార్ జిరాక్సు తీసుకుని పోలీసు వెరిఫికేషన్‌కి పెట్టు.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాసుకుంటారు. అడ్వాన్సు రెండు నెలలది చాలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటుకి ఎంత పట్టుకుంటావో, మెయింటెనెన్సూ కరెంటూ ఎవరు కడతారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాయించు. తాళాలు తీసుకునే ముందు కరెంటు సర్వీసు నంబరు మీద బాకీ ఉందేమో చూసుకో. ఇల్లు అప్పగించే రోజు గదిగదీ ఫోన్‌లో వీడియో తీసి వాళ్ళకీ పంపు.

మీ కాలం పిల్లలకి పట్టనిది ఇంకొకటి చెబుతా, కోప్పడకు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢంలో మనవాళ్ళు ఇల్లు మారరు. ఆషాఢం మొదట్లో ఖాళీ అయితే శ్రావణం దాకా అద్దె రాదు, నీ ఈఎంఐ మాత్రం ఆగదు. అగ్రిమెంటు ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా చూసుకో. బడులు తెరిచేలోపు ఇల్లు వెతుక్కునేవాళ్ళు అప్పుడే తిరుగుతుంటారు. ఏ ఏడాదైనా ఒక నెల అద్దె రాదనే లెక్క వేసుకో, ఇంకో నెలది రిపేర్లకి తీసి పక్కన పెట్టు.

పన్ను సంగతి నీకే బాగా తెలుసు. అద్దెలోంచి కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది, అప్పు వడ్డీ కూడా తీసుకోవచ్చు. నువ్వు కొత్త పన్ను విధానంలో ఉన్నావు కదా, ఇంటి మీద నష్టం చూపించి జీతం పన్ను తగ్గించుకోవడం అందులో కుదరదు. అద్దె నగదుగా తీసుకుని దాచేద్దామనుకునేవాళ్ళున్నారు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటద్దె మినహాయింపు (హెచ్‌ఆర్‌ఏ) కోసం అద్దెకున్నవాళ్ళ ఆఫీసు నీ పాన్ నంబరు అడుగుతుంది.

ఆ ఋషికొండ ఫ్లాటుకి టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేశావేమో అని మీ అమ్మ గాభరా పడుతోంది. ఇవ్వకపోతే ఇవ్వకు. అక్కయ్యపాలెంలో మనవాళ్ళ బిల్డింగులో రెండో అంతస్తు ఫ్లాటు ఒకటి అమ్మకానికి ఉందన్నారు, వాచ్‌మన్ ఇంటావిడ నాకు తెలుసు. శనివారం సాయంత్రం రా, ఇద్దరం వెళ్ళి చూద్దాం. మీ పెదనాన్న కూడా వస్తానంటున్నారు గానీ ఆయన్ని తీసుకెళితే బేరం మొదట్లోనే చెడగొడతారు. ఆయనకి చెప్పకు.

మీ పెద్దమ్మ