అనురాధపురానికి ముందు అమరావతి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. కళాశాల చరిత్ర విభాగం వారు ముప్పై మంది విద్యార్థులను ఎనిమిది రోజుల పాటు శ్రీలంకకు తీసుకువెళతామని, అనురాధపురం, సిగిరియా, పొలొన్నరువ, కాండీ చూపిస్తామని కాగితం పంపారు. అడిగిన మొత్తం ఈ ఏడు మిర్చి అమ్మిన డబ్బులోంచి తీసి ఇవ్వాలి. ఇది చదువా, షికారా? పంపమంటారా?
– ఒక రైతు, ప్రత్తిపాడు మండలం

జవాబు: పంపండి. అయితే డబ్బు కట్టే ముందు ఆ విభాగం వారిని ఒక్క మాట అడగండి: ఈ ముప్పై మందికీ అమరావతి, నాగార్జునకొండ చూపించారా అని. చూపించలేదంటే, ముందు ఆ పని చేయించమని పట్టుబట్టండి. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న మహాచైత్యాన్ని, అంటే అమరావతి బౌద్ధ స్తూపాన్ని, చూడకుండా అనురాధపురం వెళ్లిన పిల్లలకు అక్కడ కనిపించేవి పెద్ద పెద్ద ఇటుక దిబ్బలే. చూసి వెళ్లినవారికి మాత్రం చుట్టపు ఇంటికి వెళ్లినట్టుంటుంది.

ఆ చుట్టరికం ఊహ కాదు, రాతి మీద ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పద్నాలుగో పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన శాసనం తామ్రపర్ణి, అంటే సింహళ ద్వీపపు, స్థవిరాచార్యులను (పెద్ద బౌద్ధ గురువులను) పేర్కొంటుంది. అక్కడి సింహళ విహారంలో బోధివృక్షానికి ఆమె ఒక మందిరం కట్టించింది. కృష్ణ ఒడ్డున సింహళ భిక్షువులకు ఒక విహారం ఉండేదన్న మాట. పల్నాటి సున్నపురాయిలో చెక్కిన శిల్పాలు శ్రీలంకలోనూ దొరికాయి. మీ అమ్మాయి అనురాధపురంలో శ్రీ మహాబోధి ముందు నిలబడినప్పుడు, అశోకుని కుమార్తె సంఘమిత్ర గయ నుంచి తెచ్చిన కొమ్మ అది అన్న గాథతో పాటు బోధిశ్రీ కూడా గుర్తుకు వస్తే, మీరు కట్టిన డబ్బులో సగం అక్కడే గిట్టుబాటవుతుంది.

ఏం చూడాలో ఒక ఉదాహరణ చెబుతాను. అమరావతి స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన ఆయక వేదికలుండేవి. ఒక్కొక్క వేదిక మీద అయిదు స్తంభాలు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, పరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులు. శ్రీలంక స్తూపాలకూ నాలుగు దిక్కులా ఇలాంటి కట్టడాలే ఉంటాయి, వాటిని అక్కడ వాహల్కడ అంటారు. రెండింటికీ పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ అని విద్యార్థి తన చేత్తో బొమ్మ గీసుకోవాలి. సెల్‌ఫోన్‌లో తీసిన నాలుగు వందల ఫొటోల కన్నా ఆ ఒక్క బొమ్మ మేలు. అనురాధపురంలో మహాసేన రాజు మొదలుపెట్టించిన జేతవన స్తూపం ఒకప్పుడు సుమారు 122 మీటర్ల ఎత్తుండేది, అదంతా ఇటుకే. మన అమరావతిలో స్తూపం మీది రాళ్లను ఊరి కట్టడాలకు తరలించగా మిగిలింది నేలమట్టమైన గుండ్రటి అడుగుభాగం. పక్కపక్కన పెట్టి చూస్తే, పోగొట్టుకున్నది ఎంతటిదో అక్కడికి వెళితేనే తెలుస్తుంది.

మీరు రైతు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. యాత్రా సంస్థలు సిగిరియా కొండ మీది కోటను, గోడ మీది చిత్రాలను చూపించి అదే గొప్ప అంటాయి. నాకు మాత్రం దానికి పడమరగా ఉన్న కళావేవ చెరువు గొప్ప. అయిదో శతాబ్దంలో ధాతుసేన మహారాజు తవ్వించిన ఈ చెరువు నుంచి అనురాధపురం దాకా 87 కిలోమీటర్ల కాలువ పారుతుంది. కొంత దూరం మైలుకు ఆరంగుళాలకు మించని వాలుతో దాన్ని నడిపించారు. 1855 నాటి బెజవాడ ఆనకట్ట కింద పండిన అన్నం తిన్న మనకు ఆ పని విలువ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ ధాతుసేనుణ్ణి బంధించి, దాచిన ధనం ఎక్కడుందో చెప్పమని కొడుకు కాశ్యపుడు నిర్బంధిస్తే, ఆయన తనను ఆ చెరువు దగ్గరికి తీసుకువెళ్లమన్నాడని, నీళ్లలో దిగి స్నానం చేసి, దోసిట నీరు పట్టి తన సొత్తు ఇదేనని చూపాడని శ్రీలంక రాజుల చరిత్ర చెప్పే పాళీ గ్రంథం చూళవంశం చెబుతుంది. ఆ తండ్రిని చంపించిన కాశ్యపుడే సిగిరియా కోట కట్టించాడు. మీ కాగితంలో కళావేవ పేరు లేదు. చేర్చమని అడగండి, దారికి మరీ దూరం కాదు.

కాండీలో బుద్ధుని దంతం ఉంచిన దంతధాతు మందిరం చూస్తారు. 1739 నుంచి 1815 దాకా ఆ రాజ్యాన్ని ఏలినవారు తమిళదేశంలోని మధుర (మదురై) నుంచి వచ్చిన నాయక వంశీయులు. వారి మూలాలు తెలుగువని విన్న మనవాళ్లు వెంటనే మురిసిపోతారు గానీ, అసలు విశేషం అది కాదు. దక్షిణాది శైవ కుటుంబాల నుంచి వెళ్లిన ఆ రాజుల్లో కీర్తిశ్రీ రాజసింహుడు, అక్కడ ఆగిపోయిన భిక్షు దీక్షను 1753లో సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి ఆచార్యులను రప్పించి తిరిగి నిలబెట్టాడు. చివరి రాజును ఆంగ్లేయులు పట్టుకుని వేలూరుకు పంపగా, ఆయన 1832లో అక్కడే కన్నుమూశాడు.

ఇక భద్రత సంగతి. వెంట మహిళా అధ్యాపకులు ఎంతమంది వస్తున్నారో, రాత్రి బసలు ఎక్కడో, పాస్‌పోర్టులు ఎవరి దగ్గర ఉంటాయో రాతపూర్వకంగా తీసుకోండి. స్తూపాల దగ్గర భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, చెప్పులు విడవాలి. బుద్ధ విగ్రహానికి వీపు చూపి ఫొటో దిగడం అక్కడ పెద్ద తప్పు. ఈ మాట మన కుర్రాళ్లకు రెండుసార్లు చెప్పాలి.

ప్రశ్న: అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి కదా, శ్రీలంక బదులు మమ్మల్ని అక్కడికే తీసుకువెళ్లమని మా అధ్యాపకులను అడుగుతున్నాం. మీ అభిప్రాయం?
– డిగ్రీ విద్యార్థులు, విజయవాడ

జవాబు: బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గది ఉన్న మాట నిజమే. 1845లో ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన రాళ్లలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. అయితే అన్నీ అక్కడే లేవు. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పసంపద తక్కువదేమీ కాదు, దానికి వీసా అక్కరలేదు. పైగా చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే కాబట్టి, శ్రీలంక వెళుతూనే ఒక పూట అక్కడ గడపవచ్చు. లండన్ ఖర్చులో నాలుగో వంతు కూడా కాని యాత్రలో అమరావతి, ఎగ్మూరు, అనురాధపురం మూడూ చూడగలిగినప్పుడు నా ఓటు దానికే. ఒక్క జాగ్రత్త: ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. విమానం టికెట్లు కొనే ముందు ఆ రోజు ఏ వారమో చూసుకోండి.