ఫిల్లింగులు మార్పించుకునే ముందు

చి. మాధవికి అత్తయ్య ఆశీస్సులు.

పళ్ళలోని పాత సిల్వర్ ఫిల్లింగులన్నీ తీయించి తెల్లవి పెట్టించుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నీ జీతంతో నువ్వే చేయించుకుంటున్నావంటే మురిసిపోయాను. "పెళ్ళికి వారం ముందు, అన్నీ ఒకేసారి" అనేసరికి గుండె జారిపోయింది.

నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఇంటర్ నుంచీ నీకు అలవాటు. అది చిన్న బాధ అని నేననను. తెనాలిలో పళ్ళ డాక్టరుగా ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ అలాంటివాళ్ళను చూశాను. కింది దవడ పంటి మీద నల్లగా కనిపించే ఆ ఒక్కటి మార్చగానే అద్దం అడిగి తీసుకుని మరీ నవ్వేవాళ్ళు. కనిపించేది మార్పించుకో తల్లీ. ఎవరికీ కనపడని పైపళ్ళ జోలికి ఎందుకే?

ఒక టీచరమ్మాయి పెళ్ళి ముందు ఎక్కడో అన్నీ ఒక్కపూటలో మార్పించుకుంది. పాత ఫిల్లింగు తీస్తే దాంతోపాటు మంచి పన్నూ కొంత పోతుంది. ఒకటి నరం దాకా లోతుగా ఉంది. మంచినీళ్ళు తాగినా జివ్వుమనేది, రాత్రిళ్ళు నిద్ర లేదు. పెళ్ళయ్యాక నా దగ్గరికొస్తే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశాను. ఫోటోలు చూపించింది. పళ్ళు తెల్లగానే ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు. "నా మొహానికి నవ్వు రాసిపెట్టలేదు డాక్టరుగారూ" అంది. తొందరపడి చేసిన పనికి ఆ పిల్ల తన మొహాన్ని తిట్టుకుంది. నాకు ఇప్పటికీ కోపమే.

పాదరసం భయమైతే విను. ఆ ఫిల్లింగులో దాదాపు సగం పాదరసమే. అయినా బాగున్నవాటిని అవసరం లేకుండా తీయించొద్దని మందులనూ వైద్య పరికరాలనూ పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది, ఎందుకంటే తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ లేస్తుంది. రేపు కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకు. ఇది ఎన్నిసార్లయినా చెబుతాను.

ముందు ఎక్స్‌రే తీయించు. రబ్బర్ డ్యామ్, అంటే పని చేసే పన్ను ఒక్కటే బయటికి కనపడేలా నోట్లో వేసే పల్చటి రబ్బరు షీటు, వేస్తారా అని అడుగు. పళ్ళు తెల్లబరిపించుకోవాలనుంటే అదే ముందు, రెండు వారాలు ఆగి ఫిల్లింగు. ఫిల్లింగు రంగు బ్లీచింగ్‌కి మారదు మరి. కొత్త ఫిల్లింగుకి షేడ్, అంటే పంటికి సరిపోయే రంగు, పగటి వెలుతురులో, పన్ను ఆరకముందే చూడమను, ఆరితే ఉన్నదానికంటే తెల్లగా కనపడుతుంది.

ముహూర్తం మాఘంలో కదా, కార్తీకంలోనే చేయించేసుకో. జివ్వుమన్నా తగ్గడానికి టైముంటుంది. ఎక్స్‌రే రాగానే వాట్సాప్‌లో పంపు, ఏ పన్ను ముట్టుకోవచ్చో నేను చూసి చెప్పేదాకా అపాయింట్‌మెంట్ తీసుకోకు.

మీ అత్తయ్య