షీటు పరిచే ముందు చెమ్మ సంగతి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చిన నీ బండిలో, సింకు ముందు నేల మెత్తబడి కాలు దిగుతోందని, పైన కొత్త వినైల్ షీటు పరిచేస్తే సరిపోతుందా అని అడిగావు. పరవకు. నేల దిగుతోందంటే కింద ప్లైవుడ్ పొరలు విడిపోతున్నట్టే. దానిమీద షీటు వేస్తే చెమ్మకు మూత పెట్టినట్టవుతుంది, చివుకు ఇంకా పాకుతుంది.

ముందు బయటి కరెంటు ప్లగ్గు పీకి, బ్యాటరీ స్విచ్చి కూడా ఆపెయ్. ఈ బళ్లలో వైర్లూ నీటి గొట్టాలూ పక్కపక్కనే పోతుంటాయి. వైర్లు తడవలేదని చూసుకున్నాకే, పంపును పరీక్షించడానికి బ్యాటరీ మళ్లీ కలుపు.

నీళ్ల ట్యాంకు నింపి, కొళాయిలన్నీ కట్టేసి పంపు వెయ్యి. ఒత్తిడి ఎక్కగానే అది ఆగిపోవాలి. ఎవరూ కొళాయి ముట్టుకోకుండానే కాసేపటికోసారి కొట్టుకుంటుంటే ఒత్తిడి ఉండే గొట్టాల్లో ఎక్కడో కారుతున్నట్టు. ఒక్కోసారి పంపులో నీళ్లు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వే పాడై నీళ్లు ట్యాంకులోకి వెనక్కి పోతాయి. అప్పుడూ ఇలాగే కొట్టుకుంటుంది గానీ నేల తడవదు. బయటి కొళాయి నుంచి గొట్టం తగిలించినప్పుడు మాత్రమే కారితే, నీళ్లు లోపలికొచ్చే చోట వాల్వునూ అక్కడి వాషర్‌నూ చూడు. బయటి నీళ్ల ఒత్తిడికి పగ్గం ఉండాలి కాబట్టి గొట్టం మొదట్లో 40 నుంచి 50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య పెట్టిన రెగ్యులేటర్ లేకుండా ఎప్పుడూ తగిలించకు.

ఈ రెండు పరీక్షల్లోనూ ఏమీ దొరక్కపోతే అనుమానం మురుగు గొట్టం మీదికి పోవాలి. సన్నగా వదిలితే అది దొరకదు. సింకు నిండా నీళ్లు పట్టి, వంటల్లో వేసే రంగు కాస్త కలిపి, ఒక్కసారిగా వదులు. కింద రంగు ఎక్కడ కనబడితే అక్కడే దొంగ. వానపడ్డప్పుడే తడిస్తే మాత్రం అది ప్లంబింగ్ కాదు, పైకప్పో కిటికీయో.

మరక ఉన్నచోటే కారుతోందనుకోకు. బండి ఎటు వాలి నిలబడితే నీళ్లు అటు పాకుతాయి. ప్రతి జాయింటునూ తుడిచి, పొడి టిష్యూ కాగితం చుట్టి, ఒత్తిడి మీద అరగంట వదిలెయ్. ఏ కాగితం తడిస్తే ఆ జాయింటు.

ప్లాస్టిక్ నట్టు లోపల కోను ఆకారపు వాషర్ ఉంటే టెఫ్లాన్ టేపు చుట్టకు. అక్కడ నీళ్లనాపేది వాషరే, మరలు కాదు. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పు, చాలు. పానాతో బలం చూపిస్తే నట్టు చీలుతుంది, అదీ నెల తరువాత, నువ్వు మరిచిపోయాక. పెక్స్ గొట్టాన్ని, అంటే వంగే ప్లాస్టిక్ నీటి గొట్టాన్ని, సరిగ్గా అడ్డంగా కొయ్యాలి. ఏటవాలుగా కోస్తే నొక్కి తొడిగే ఫిట్టింగు నిలవదు. ఎంత లోపలికి పోవాలో ముందే పెన్నుతో గీత పెట్టుకో. 1995కు ముందు బండి అయి, గొట్టాలు బూడిద రంగులో ఉంటే అవి పాలీబ్యూటిలీన్ అనే పాత రకం ప్లాస్టిక్‌వి కావచ్చు. నీళ్లలోని క్లోరిన్ వాటినీ వాటి ఫిట్టింగులనూ పెళుసు చేస్తుంది. ఒక్క జాయింటు బాగుచేసి ఊరుకోకు, మొత్తం మార్చు.

ఇక ఆరబెట్టడం. చాలామంది తొందరపడేది ఇక్కడే. పైన చెయ్యి పెడితే పొడిగా తగులుతుంది, కింద మాత్రం నీళ్లు నిలిచే ఉంటాయి. బండి అడుగున ప్లాస్టిక్ షీటు ఉందంటే అది తొట్టి లెక్క. అన్నిటికన్నా కిందికి వేలాడే చోట చిన్న కోత పెట్టు, దాని కింద నిలబడకుండా. వేడీ చలీ ఆపడానికి నేలలో నింపిన గాజుదూది తడిస్తే ఆరబెట్టాలని చూడకు, తీసి పారెయ్. కింది సొరుగులు, సింకు కింద పలకలు ఊడదీసి, గాలి నేల వెంబడి పోయేలా ఫ్యాన్ పెట్టు. తేమ లాగే యంత్రం నడిచేటప్పుడు కిటికీలు మూసెయ్, లేకపోతే బయటి తేమంతా అదే లాగుతూ కూర్చుంటుంది. హీటరు దగ్గరగా పెడితే పైపొర వంకర తిరుగుతుంది, లోపలిది అలాగే ఉంటుంది. తడిసిన 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది కాబట్టి మొదటి రెండు రోజులూ విలువైనవి.

సూదుల తేమ మీటరు ఒకటి కొను. మొదట బండిలో ఎన్నడూ తడవని చోట గుచ్చి, ఆ అంకె రాసుకో. తడిసిన చోట దాని దగ్గరికి, అంటే 15 శాతం లోపుకి, దిగేదాకా ఏదీ మూయకు. 20 దాటి ఉంటే చివుకు పట్టే తడి అన్నమాట. స్క్రూల పక్కన గుచ్చకు, తప్పుడు అంకె వస్తుంది.

ఆరాక స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు. సులువుగా దిగితే ఆ చెక్క పోయినట్టే. బ్లీచింగు పోసి తృప్తిపడకు. మందు పైనే ఆగుతుంది, నీళ్లు మాత్రం చెక్కలోకి ఇంకుతాయి. చెక్కను గట్టిపరిచే ఎపాక్సీ అంచుల్లో చిన్నచిన్న మచ్చలకు పనికొస్తుంది గానీ, మనిషి నిలబడే చోట నాకు నమ్మకం లేదు. మాస్కు పెట్టుకుని, రంపం లోతు సరిగ్గా ప్లైవుడ్ మందానికే కట్టి కొయ్యి. దాని కిందే వైరో ట్యాంకో ఉండొచ్చు. గట్టి చెక్క తగిలాక ఇంకో 6 అంగుళాలు దాటి కొయ్యి. కొత్త ముక్క అంచులు కింద దూలం మీద ఆనాలి. ఆనకపోతే పక్కన ఒక పట్టీ బిగించు. మందం పాతదానితో సమానంగా ఉండాలి, కోసిన అంచులకు సీలరు పూయాలి. ఇనుప ఫ్రేము తుప్పు పడితే గీకి ప్రైమరు వెయ్యి. బయటి ఫైబర్‌గ్లాస్ గోడ బుడగలా ఉబ్బి ఉంటే అది నీ చేతిపని కాదు, వర్క్‌షాపుకే తీసుకెళ్లు.

నేల మూసే ముందు ఒక రాత్రంతా పంపు ఒత్తిడి మీద ఉంచి, టిష్యూ కాగితాలు మళ్లీ చుట్టి చూడు. సింకు కింద పలకను ఈసారి మేకులతో కాదు, స్క్రూలతో బిగించు. లోపల ఓ చిన్న నీటి అలారం పెట్టు. తేమ మీటరు అంకెలు నాకు రాసి పంపు, ఎక్కడ ఎంతో చోటు పేరుతో సహా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న