గురక ఆగినచోట లెక్కపెట్టండి

"రోజూ ఎనిమిది గంటలు పడుకుంటున్నా పగలంతా మత్తుగానే ఉంటోంది. గదిలో ఒంటరిగా ఉంటాను. నాకు నిద్ర సమస్య ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అని రాసి అడిగారు.

మీ అంతట మీకు తెలియదండీ. వచ్చిన చిక్కే అది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అదే స్లీప్ ఆప్నియా, నాకుందని తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది, అదీ పరువు పోయాక.

2019 మార్చి, పదో తరగతి పరీక్షలు. మా తెనాలి దగ్గర పక్క ఊళ్ళో నాకు ఇన్విజిలేషన్ పడింది. లెక్కల పేపరు. పిల్లలు తల ఎత్తకుండా రాస్తున్నారు, పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. కూర్చుంటే కునుకు పడుతుందని భయపడి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత గుర్తున్నదల్లా, చివరి బెంచీ అమ్మాయి "సార్, అడిషనల్... సార్..." అంటుంటే ఉలిక్కిపడి కళ్ళు తెరవడం. గుమ్మంలో ఫ్లయింగ్ స్క్వాడ్ ఆయన నన్నే చూస్తున్నాడు. నిలబడే నిద్రపోయాను, గుర్రంలాగా! పాపం ఆ పిల్ల ఎంతసేపటి నుంచి పిలుస్తోందో. ఆ పూటే డ్యూటీలోంచి తీసేశారు. సంజాయిషీలో "రాత్రి జ్వరం" అని రాశాను. పదింటికి పడుకుని ఆరింటికి లేచినవాడు నిద్ర చాలలేదని ఏ మొహంతో రాస్తాడు?

మా ఆవిడ అప్పటికి రెండేళ్ళుగా చెబుతూనే ఉంది, "నిద్రలో మీకు ఊపిరి ఆగిపోతోందండీ, భయమేసి తట్టి లేపుతున్నాను" అని. మా అమ్మ కొట్టిపారేసేది: "వాళ్ళ నాన్నా అంతే. గురక పెట్టేవాడికి దిగులుండదే అమ్మాయ్." ఆ నాన్న యాభై ఆరేళ్ళకే నిద్రలో పోయారు. ఋజువేం లేదు గానీ, నా అనుమానం నాది.

ఈలోగా పెట్టిన ఖర్చు వినండి. పొద్దున్నే తలనొప్పి అంటే కళ్ళద్దాలు మార్చారు, తగ్గకపోతే తలకి స్కాన్ తీశారు. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేస్తున్నానంటే ప్రోస్టేట్ అని ఇంకో స్కాన్. బీపీ మాత్ర ఒకటి మూడైంది. మా బావమరిది సలహాతో మందుల షాపువాడు చీటీ లేకుండానే నిద్రమాత్రలిచ్చాడు. వాటితో గొంతు కండరాలు ఇంకా వదులై ఊపిరి మరింత ఆగొచ్చట. మందు కొట్టినా అంతే. ఎవరికి వారు తమ అవయవం చూసి ఫీజు తీసుకున్నారు గానీ "గురక ఉందా?" అని ఒక్క డాక్టరూ అడగలేదు.

చివరికి గుంటూరులో ఒకాయన ఎనిమిది ప్రశ్నల కాగితం చేతిలో పెట్టాడు. చదువుతుంటే, టీవీ చూస్తుంటే కునుకు వస్తుందా, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు, అని ఒక ప్రశ్న. మనకి కారెక్కడిది, బస్సు అనుకుని వేశాను. పది దాటితే ఆలోచించాల్సిందే అన్నాడు, నాకు పదిహేడొచ్చాయి. ఒంటికి వైర్లు పెట్టి ఒక రాత్రి పడుకోబెట్టారు. గంటకు 41 సార్లు ఊపిరి అడ్డుపడుతోందని తేలింది. ఐదు లోపు ఉంటే మామూలు, ముప్పై దాటితే తీవ్రం. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిన ప్రతిసారీ, రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, మనకి తెలియకుండానే మెదడు ఉలిక్కిపడి లేస్తుంది. ఇంక ఎనిమిది గంటల నిద్ర ఎక్కడిది? బీపీ దిగనిదీ, రాత్రి బాత్రూముకి పరుగులూ అందుకే.

గొంతు మూసుకుపోకుండా గాలి కొట్టే సీపాప్ మిషన్‌కి నలభై ఐదు వేలైంది. దాన్ని సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టరు కనిపెట్టి 1981లో లోకానికి చెప్పాడట, ఆయనకో దండం. దండగ ఖర్చన్న మా బావమరిదికి పాత స్కాన్ల బిల్లులు కూడి చూపించాను. బీపీ మాత్రలు ఇప్పుడు ఒకటిన్నరకి దిగాయి. మాస్కు చిరాకే, మొదటి నెల రెండుసార్లు పీకి అవతల పారేశాను. ఇప్పుడు నిద్ర చెడగొట్టేది మా వీధి పెళ్ళి మైకులే. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నుంచీ రూల్ ఉంది. పెళ్ళివారికి చెప్పి చూడండి, కొట్టడానికొస్తారు.

మీరు గదిలో ఒక్కరే ఉంటానని రాశారు కదా, తట్టి చెప్పేవాళ్ళు లేరు. ఒక రాత్రి ఫోన్ రికార్డింగ్ పెట్టి పడుకోండి. పొద్దున వినేటప్పుడు గురక ఎంత గట్టిగా ఉందో పట్టించుకోకండి. గురక ఠక్కున ఆగి, మళ్ళీ ఎగపీల్చినట్టు మొదలయ్యేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మాటిమాటికీ పది దాటుతుంటే ఆ ఫోను పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికో, ఈఎన్‌టీ దగ్గరికో వెళ్ళండి.