పాత కంప్యూటర్‌ను కొత్త మానిటర్‌కు కలిపే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చేతికొచ్చిన కొమడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్‌ను, దాని బొమ్మను కొత్త తెరకు తగ్గట్టు మార్చే ఒక చిన్న కన్వర్టర్ పెట్టె ద్వారా మానిటర్‌కు కలిపితే తెర కాసేపు వెలిగి మళ్లీ నల్లబడుతోందనీ, వెలిగి ఉన్న ఆ కాసేపట్లో కూడా కదిలే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తున్నాయనీ, యంత్రమే పాడైందేమోనని బెంగగా ఉందనీ రాశావు. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి యంత్రం బాగానే పనిచేస్తోందని నా నమ్మకం. అది పంపే బొమ్మను మధ్యలో ఉన్న పెట్టె తప్పుగా చదువుతోంది. అందుకే ఇంకో కన్వర్టర్ కొనే ముందు ఈ ఉత్తరం ఆసాంతం చదవమని కోరుతున్నాను.

బొమ్మ సంగతి కంటే ముందు కరెంటు సంగతి చూడాలి. కొమడోర్ 64తో పాటు వచ్చిన పాత అడాప్టర్ 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ ఇస్తుంది. లోపలి రెగ్యులేటర్ వయసు మీరి చెడిపోయినప్పుడు, 5 వోల్టుల వైపు ఆగిపోవడానికి బదులు పైకి ఎగబాకడం ఈ అడాప్టర్లకున్న చెడ్డ గుణం. అలా ఎగబాకినప్పుడు మెమరీ చిప్పులు మాడిపోతాయి. మల్టీమీటర్‌తో కొలిచి చూడు. 5.25 వోల్టులు దాటితే దాన్ని వెంటనే పక్కన పెట్టు. దాటకపోయినా నిశ్చింతగా ఉండకు, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించినది గంటసేపు వేడెక్కాక మారిపోవచ్చు. నా మాట విని, కొత్తగా తయారైన అడాప్టర్ ఒకటి తెచ్చుకో. కన్వర్టర్ కోసం దాచిన డబ్బులో కొంత ఇటు మళ్లించినా నష్టం లేదు. బొమ్మ మసగ్గా ఉంటే రేపు సరిచేసుకోవచ్చు, మాడిన చిప్పును సరిచేయలేం.

ఇక అసలు విషయానికి వస్తాను. సాకెట్ ఆకారం చూసి తీగ కొనడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. కొమడోర్ 64 వెనక సాధారణంగా 8 పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది, స్పెక్ట్రమ్ 128 అనే మరో పాత కంప్యూటర్ వెనక ఉన్నదీ 8 పిన్నుల గుండ్రటి సాకెట్టే. కానీ మొదటి దాంట్లోంచి వెలుగు ఒక పిన్ను మీదా రంగు ఇంకో పిన్ను మీదా వస్తాయి, రెండో దాంట్లోంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేనికది విడివిడిగా వస్తాయి (దీన్నే ఆర్‌జీబీ అంటారు). ఒకదాని తీగ ఇంకోదానికి పనికిరాదు. అలాగే అమీగా 500 అనే కంప్యూటర్‌కు ఉన్న 23 పిన్నుల సాకెట్‌ను 15 పిన్నుల వీజీఏ సాకెట్‌గా మార్చే అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. అది తగిలిస్తే సరిపోతుందనుకుంటారు గాని, అమీగా మామూలుగా సెకనుకు 15 వేల పైచిలుకు లైన్లు గీస్తుంది, వీజీఏ మానిటర్ కనీసం 31 వేల పైచిలుకు ఆశిస్తుంది. పిన్నులు కుదిరినంత మాత్రాన వేగం కుదరదు. కాబట్టి ఏ యంత్రం చేతికొచ్చినా ముందు రెండు విషయాలు తెలుసుకో: అది రంగును ఏ రూపంలో పంపుతోంది, సెకనుకు ఎన్ని లైన్లు, ఎన్ని ఫ్రేములు గీస్తోంది. ఈ రెండూ తెలిశాకే ఏ కన్వర్టర్ కావాలన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

నీ తెర మీది దువ్వెన పళ్లకు కారణం కూడా ఇందులోనే ఉంది. పాల్ అనే పాత టీవీ ప్రసార పద్ధతిలో 625 లైన్ల బొమ్మను రెండు సగాలుగా పంపేవారు. ఒక విడతలో బేసి లైన్లు, మరు విడతలో సరి లైన్లు వచ్చేవి. ఆ రోజుల ఇంటి కంప్యూటర్లు మాత్రం ఈ పద్ధతిని పూర్తిగా పాటించలేదు. నీ పాల్ కొమడోర్ 64 విడతకు 312 లైన్లే గీస్తుంది, ప్రతిసారీ వాటిని అదే చోట గీస్తుంది, సెకనుకు 50 సార్లకు కాస్త పైన, సుమారు 50.12 సార్లు గీస్తుంది. అంటే అది పంపే ప్రతి విడతా దానికదే పూర్తి బొమ్మ. చవక కన్వర్టర్‌కు ఈ సంగతి తెలియదు. వచ్చినది సగం బొమ్మే అనుకుని, తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగి, రెంటినీ ఒకదాని సందుల్లో ఒకటి ఇరికించి అల్లుతుంది. నిలకడగా ఉన్న అక్షరాలు కాస్త వణికి ఊరుకుంటాయి గాని, పరిగెత్తే బొమ్మ ఆ రెండు విడతల మధ్య జరిగిపోయి ఉంటుంది కాబట్టి దాని అంచు చీలిపోతుంది. పైగా అల్లడం కోసం ఫ్రేములు దాచుకోవడం వల్ల, జాయ్‌స్టిక్ కదిపిన తర్వాత తెర మీద కదలిక ఆలస్యంగా వస్తుంది. ఒక్కో ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములు వెనకబడితే ఆటలో గోతి మీంచి దూకడం కుదరదు.

తెర నల్లబడటం వేరే కథ. చాలా కంప్యూటర్ మానిటర్లు సెకనుకు 60 ఫ్రేములే ఒప్పుకుంటాయి, 50 వస్తే కొన్ని తిరస్కరిస్తాయి, కొన్ని కాసేపు చూపించి వదిలేస్తాయి. టీవీలు సాధారణంగా 50నీ ఒప్పుకుంటాయి. ముందు నీ పెట్టెను ఏదైనా టీవీకి కలిపి చూడు. అక్కడ నిలకడగా ఉంటే లోపం మానిటర్ వైపు ఉందని తేలిపోతుంది. 50ని 60గా మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి, కానీ వాటిని నేను ఇష్టపడను. ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకదాన్ని రెండుసార్లు చూపించాల్సి రావడంతో, నేపథ్యం మెత్తగా జరగాల్సిన చోట సెకనుకు పదిసార్లు తడబడుతుంది. నాకైతే 50 ఫ్రేములు నేరుగా ఒప్పుకునే తెర వెతుక్కోవడమే సరైన పని అనిపిస్తుంది.

నీ కొమడోర్‌కు ఏం కావాలో ఇప్పుడు చెబుతాను. వెలుగునూ రంగునూ కలిపి ఒకే సిగ్నల్‌గా పంపే కాంపోజిట్ తీగను పక్కన పెట్టి, వాటిని విడివిడిగా తీసుకెళ్లే ఎస్-వీడియో తీగ కొను, లేదా చేసుకో. వెలుగు 1వ పిన్ను మీద, రంగు 6వ పిన్ను మీద, గ్రౌండ్ 2వ పిన్ను మీద, ధ్వని 3వ పిన్ను మీద వస్తాయి. రంగు సిగ్నల్ ఎస్-వీడియో ప్రమాణం కంటే బలంగా ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క తీగలో 300 ఓమ్‌లకు అటూఇటూ ఉండే రెసిస్టర్‌ను వరుసగా కలిపితే రంగులు పొంగిపోకుండా ఉంటాయి. మొదటి రోజుల్లో వచ్చిన కొన్నింటికి 5 పిన్నుల సాకెట్టే ఉండేది, వాటిలో రంగు విడిగా రాదు. నీది ఏదో ఒకసారి తిప్పి చూసుకో. ఈ తీగకు జోడీగా, పూర్తి విడతను పూర్తి బొమ్మగానే గుర్తించి లైన్లను రెట్టింపు చేసే కన్వర్టర్ కావాలి. రెట్రోటింక్ 2ఎక్స్ లాంటివి ఎస్-వీడియోను నేరుగా తీసుకుంటాయి. ఓఎస్‌ఎస్‌సీ అనే పెట్టెను చాలామంది మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను, కానీ దానికి ఎస్-వీడియో గాని కాంపోజిట్ గాని ఇవ్వలేం. అది ఆర్‌జీబీ ఇచ్చే యంత్రాల కోసం.

మిగతా యంత్రాలూ సేకరిస్తానన్నావు కనుక వాటి గురించి కొంచెం రాస్తాను. మొదటి స్పెక్ట్రమ్, అంటే 1982 నాటిది, బయటికి టీవీ యాంటెనా సిగ్నల్ మాత్రమే ఇస్తుంది. ఆ యాంటెనా సిగ్నల్‌ను తయారుచేసే మాడ్యులేటర్‌కు వెళ్లే కాంపోజిట్ సిగ్నల్‌ను నేరుగా సాకెట్‌కు తిప్పడం తేలికపాటి సాల్డరింగ్ పనే. బీబీసీ మైక్రో ఇచ్చే ఆర్‌జీబీ 0.7 వోల్టుల మామూలు సిగ్నల్ కాదు, ఉంటే 5 వోల్టులు, లేకపోతే సున్నా అన్న తరహా డిజిటల్ సిగ్నల్. దాన్ని అలాగే మామూలు కన్వర్టర్‌లోకి పంపకూడదు. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్‌తో పనిచేసే ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ బోర్డు మొదట ఈ యంత్రం కోసమే పుట్టింది, దానికది చక్కగా అతుకుతుంది. ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ 464కు కరెంటు దాని సొంత మానిటర్ నుంచే వస్తుంది. మానిటర్ తీసేస్తే విడిగా 5 వోల్టులు ఇవ్వాలి, 6128కైతే డిస్క్ డ్రైవ్ కోసం 12 వోల్టులు కూడా. యాపిల్ 2 విషయంలో నేను చెప్పినదానికి విరుద్ధంగా నడుచుకోవాలి. ఆ యంత్రంలో హై రిజల్యూషన్ రంగులు ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ పద్ధతి కాంపోజిట్ సిగ్నల్‌లోనే పుడతాయి, కాబట్టి అక్కడ కాంపోజిట్‌ను చక్కగా చదివే కన్వర్టరే కావాలి.

ఆర్‌జీబీ యంత్రంతో ఓఎస్‌ఎస్‌సీ వాడే రోజు వస్తే, పెట్టెకున్న అసలు సెట్టింగ్‌తో తృప్తి పడవద్దు. ఆ పెట్టె ఒక్కో లైనును ఎన్ని ముక్కలుగా కొలవాలో మనం చెప్పాలి. స్పెక్ట్రమ్ 128 ఒక లైను గీసే సమయంలో 456 పిక్సెళ్లు పడతాయి. ఆ అంకెకు తగ్గట్టు కొలిస్తే ప్రతి పిక్సెల్ తన గడిలో కూర్చుంటుంది. తెర నిండా ఒక నిలువు గీత వెలుగు, పక్క గీత చీకటి వచ్చేలా చిన్న ప్రోగ్రాం రాసి చూడు. అంకె తప్పితే ఆ చారల మీద పరదా ముడతల్లాంటి వెడల్పాటి మసక పట్టీలు కనిపిస్తాయి. అంకెను ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే పట్టీలు తగ్గి వెడల్పవుతూ, చివరికి తెర అంతా ఒకే తీరుగా నిలుస్తుంది. అప్పుడు కూడా చారలు బూడిద రంగుగానే ఉంటే ఒక్కో పిక్సెల్‌ను ఏ క్షణాన కొలవాలో చెప్పే ఫేజ్ సెట్టింగ్‌ను మెట్టు మెట్టుగా జరుపు. ఒక మెట్టు దగ్గర తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా విడిపోతాయి. ఆ క్షణం చూడటానికి ఎంత ఓపిక పట్టినా తక్కువే. బొమ్మ నిష్పత్తిని మాత్రం 4:3గానే ఉంచు. అడ్డంగా సాగదీసిన తెర మీద వృత్తాలు గుడ్లలా మారతాయి.

ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. యంత్రం ఆన్‌లో ఉండగా వీడియో తీగను ఎప్పుడూ పీకవద్దు, గుచ్చవద్దు. ఎర్త్ లేని ఆధునిక అడాప్టర్ల నుంచి కారే విద్యుత్తు, మానిటర్ లోహపు భాగాల మీద చేయి వేస్తే చురుక్కుమనేంతగా ఉండవచ్చు. గ్రౌండ్ కంటే ముందు సిగ్నల్ పిన్ను తగిలితే అదంతా పాత చిప్పులోకి వెళుతుంది. చాలా ఏళ్ల కిందట తొందరపడి నేనలా గుచ్చిన ఒక యంత్రంలో ఆ పూట నుంచి ఎరుపు రంగు రాలేదు. దానికి సరిపడే చిప్పు మరో చచ్చిన యంత్రంలోంచి దొరకడానికి నాకు రెండేళ్లు పట్టింది. కాబట్టి అన్నీ ఆపి ఉన్నప్పుడే తీగలు కలుపు. తర్వాత మానిటర్, ఆ తర్వాత కన్వర్టర్, చివరికి కంప్యూటర్ ఆన్ చెయ్యి.

టీవీకి కలిపి చూశాక తెర నిలిచిందో లేదో, వెనక సాకెట్‌లో పిన్నులు ఎన్నో, అడాప్టర్ ఎన్ని వోల్టులు చూపించిందో ఈ మూడూ రాసి పంపు. వాటిని బట్టి ఏ కన్వర్టర్ కొనాలో కచ్చితంగా చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య