బిడ్డ గిన్నెలో మిగిలితేనే అమ్మకు భోజనమా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. మొహం, కాళ్లు ఉబ్బితే మహబూబ్‌నగర్‌లో చూపించాం. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అట, మూత్రంలో ప్రొటీన్ పోతోందని హైదరాబాద్‌లో పెద్ద సర్కారు దవాఖానకు రాశారు. ఇక్కడికి వచ్చి రెండు వారాలు దాటింది. బాబుకు దవాఖాన వాళ్లే పెడతారు, నాకు పెట్టరు. వాడు వదిలేసింది తిని సరిపెట్టుకునేదాన్ని. నర్సమ్మ అడిగితే అంతా వాడే తిన్నాడని చెప్పేదాన్ని. మందు మొదలయ్యాక వాడికి ఆకలి ఎక్కువైంది, ఏమీ మిగల్చట్లేదు. మొన్న మళ్లీ అన్నం అడిగితే ‘ఇక చాలు’ అని కసిరాను. ఆ రాత్రంతా ఏడ్చాను. మా ఆయనది మేస్త్రీ పని. పాప ఊళ్లో అత్తమ్మ దగ్గరుంది. ఆయన పంపిన డబ్బులు బయట టెస్టులు రాస్తే కావాలని దాచాను. ఫోన్‌లో తిన్నావా అంటే తిన్నాననే చెప్తాను. నిన్న మెట్ల మీద కళ్లు తిరిగాయి. నేను చెడ్డ తల్లినా?

జవాబు: కాదమ్మా. రెండు వారాలుగా కడుపునిండా తినని మనిషి ముందు గిన్నె పెడితే, అందులో ఎంత మిగులుతుందా అని కళ్లు వాటంతటవే చూస్తాయి. బాబును కసిరింది మీ ఆకలి. దాన్ని మీ గుణం కింద రాసుకోకండి.

వాడు అంతలా ఎందుకు అడుగుతున్నాడో మీకెవరూ చెప్పినట్టు లేదు. ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. అది పడ్డాక పిల్లలకు ఆకలి బాగా పెరుగుతుంది, తిన్న కాసేపటికే మళ్లీ అడుగుతారు. డోసు తగ్గేకొద్దీ ఆ ఆకలీ తగ్గుతుంది. మొదటిసారి జబ్బు చేసినప్పుడు సాధారణంగా ఆరు వారాలు రోజూ, ఆ తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు ఇస్తారు. ఆకలి ఎక్కువైందని మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వాడి గిన్నెలో ఇక మీకేం మిగలదని అనుకుని, మీ భోజనం సంగతి విడిగా చూసుకోక తప్పదు.

ఒక్క మాట కటువుగానే చెప్తాను. నర్సుకు తప్పు లెక్క ఇకమీదట చెప్పకండి. వాడు ఎంత తిన్నాడు, ఎంత తాగాడు, మూత్రం ఎంత పోశాడు, బరువు ఎంతుంది, ఇవన్నీ చూసుకునే డాక్టర్లు వైద్యం నడిపిస్తారు. సగం మీరు తిని అంతా వాడే తిన్నాడంటే ఆ లెక్క తప్పుతుంది. ‘సిస్టర్, కొన్నాళ్లు సగం నేనే తిన్నాను, నాకు తిండికి కష్టంగా ఉంది’ అని ఉన్నమాట చెప్పేయండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీరు పస్తులుంటున్న సంగతి డాక్టరు దాకా వెళ్లాలంటే అదే దారి.

ఇక తిండి. 2022 మే నెలలో హైదరాబాద్‌లోని 18 సర్కారు దవాఖానల్లో రోగుల వెంట ఉండేవాళ్లకు మూడు పూటలా 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు. మీ దగ్గర ఆ కౌంటర్ ఉందా, ఏ వేళకు పెడతారు అని ఆయాను, గేటు దగ్గరి సెక్యూరిటీని అడగండి. ఇలాంటివి వాళ్లకు తెలిసినంతగా ఏ బోర్డు మీదా ఉండవు. అది లేకపోతే, నగరంలో 2014 నుంచి నడుస్తున్న 5 రూపాయల భోజన కేంద్రాలున్నాయి. ఇప్పుడు వాటిని ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు.

ఇవి మీకు తెలియక కాదు, వెళ్లలేక ఆగిపోయారేమోనని నా అనుమానం. లైన్ కదిలే వేళకే రౌండ్స్ వస్తాయి, లేదంటే బాబు ఏడుపు అందుకుంటాడు. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు. ఐదు రూపాయలు దొరికినా అరగంట దొరకదు. పథకాలు రాసేవాళ్లు ఈ అరగంటను లెక్కలో వేసినట్టు నాకెక్కడా కనబడలేదు. అందుకే పక్క బెడ్ దగ్గరున్న ఆమెతో మాట కలపండి. ఆమె అవస్థా చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఆమె తిని వచ్చేదాకా ఇద్దరి పిల్లల్నీ మీరు చూడండి, తర్వాత మీరు వెళ్లండి. పార్సిల్ ఇస్తే ఇంకా నయం, ఒకరే వెళ్లి ఇద్దరికీ తేవచ్చు. వెళ్లేముందు నర్సుకు చెప్పి వెళ్లండి. రాత్రిపూటకు పుట్నాలు, బెల్లం, రెండు అరటిపండ్లు సంచిలో ఉంచుకోండి. బాబుకు ఉప్పు తగ్గించమని చెప్పే ఉంటారు కాబట్టి మిక్చర్లూ పచ్చళ్లూ వాడి కంటపడనివ్వకండి.

దాచిన డబ్బులో రోజూ కొంత మీ తిండికి తీయండి. బయట టెస్టు ఏదైనా రాస్తే డబ్బు కట్టకముందే ఆరోగ్యమిత్ర (దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగి) దగ్గరికి వెళ్లి అడగండి. ఆరోగ్యశ్రీ కింద చేరిన రోగికి పరీక్షలు, మందులతో పాటు భోజనం, తిరిగి ఇంటికి వెళ్లే ఖర్చు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి. కళ్లు తిరిగిన సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మీ పేరు మీద ఓపీ చీటీ రాయించుకుని రక్తం ఎంతుందో చూపించుకోండి.

ఆయన బాధపడతారని దాస్తున్నారు, నిజమే. కానీ తెలియక ఆయన ఏమీ చేయలేకపోతున్నారు. ఈ రాత్రే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ‘నాకు కష్టంగా ఉంది’ అని ఊరుకుంటే మగవాళ్లకు ఏం చేయాలో తోచదు. ‘ఆదివారం పొద్దున్నే వచ్చి నా బదులు కూర్చో. నేను స్నానం చేసి, తిని, కాసేపు పడుకుంటా. అత్తమ్మతో జొన్నరొట్టెలు చేయించి పట్టుకురా’ అని పని చెప్పండి. మెతక మాటలకు ఇది సమయం కాదు.

ఈ జబ్బు చాలామంది పిల్లలకు తిరగబెడుతుంది. ఇంటి దగ్గరే మూత్రంలో ప్రొటీన్ చూసుకోవడం ఎలాగో డిశ్చార్జికి ముందు నేర్పమని అడగండి. ఉబ్బు రాకముందే తెలిస్తే డాక్టరుకు త్వరగా చూపించవచ్చు. మళ్లీ చేరాల్సి వస్తే ఎవరు ఏ రోజు వచ్చి కూర్చుంటారో, పాపను ఎవరు చూస్తారో ఇంటికి వెళ్లిన వారంలోనే అత్తమ్మనూ కూర్చోబెట్టుకుని తేల్చుకోండి.